చలికాలానికి ఒక బండి

డిసెంబర్ 16, సోమవారం

ఈ నోటుబుక్కు ఎకనామిక్స్ అసైన్‌మెంట్ల కోసం కొన్నాను. రాసిన నాలుగు పేజీలూ చింపేశాను. ఇకమీదట ఇది నాది. ఎవరికీ చూపించను.

కారు కొనాలి. పాతది, చిన్నది, వెనక తలుపు అద్దంతో సహా పైకి లేచే రకం. ముందు సీటు బాగా వెనక్కి వాలాలి, నాన్న పడుకోవడానికి. మా ఊరి మట్టిదారి హైవేలో కలిసే చోట ఎత్తు గట్టు ఉంది. నలుగురితో అది ఎక్కగలగాలి. పొగమంచులో దారి కనబడాలి, తడి రోడ్డు మీద జారకూడదు. మంగళ, గురు, శనివారాలు పొద్దున్న ఆరింటికి పలాస ఆసుపత్రిలో ఉండాలి. డయాలసిస్ ఆలస్యమైతే నాన్న ఒంట్లో ఏమవుతుందో మొన్న శనివారం అందరం చూశాం.

శనివారం గురించి రాయను.

డబ్బు సంగతి అమ్మా, కామేశ్ మావా చూసుకుంటామన్నారు. బండి సంగతి నన్ను చూడమన్నారు. మావ అమ్మకు తమ్ముడు. పన్నెండేళ్ళు కలకత్తా లైన్లో లారీ తోలి, నడుం పట్టేసి మానేశాడు. బండి వస్తే ఆయనే తోలతాడు. మరి నన్నెందుకు చూడమనడం అంటే, "నాను ఇంజినే సూత్తాను. నువ్వు సదువుకున్నదానివి, అన్నీ సూత్తావు," అన్నాడు.

అన్నీ చూస్తాను. ఈసారి అన్నీ చూస్తాను.

డిసెంబర్ 17, మంగళవారం

బొండాల వ్యాను ఖాళీగానే పలాస వెళ్తోంది, ఎక్కండి అన్నారు. నేను వద్దన్నాను. ఎందుకే అని అమ్మ అడిగితే కుదుపులెక్కువ అన్నాను. పాల వ్యానులో వెళ్ళాం. కుదుపులు అందులోనూ ఉన్నాయి.

ఏడో నంబరు మంచం నాన్నది. పోయిన ఫిబ్రవరిలో దొరికింది. 'దొరికింది' అని రాశాక ఆ మాటనే చూస్తూ కూర్చున్నాను. ఎలా ఖాళీ అయితే దొరికిందో మాలో ఎవరం అడగలేదు.

ఎక్కించేముందు బరువు చూస్తారు, దించాక చూస్తారు. ముందు 54.6. తర్వాత 52.1. మధ్యలో పోయిందంతా నీళ్ళే. నాన్నకి రోజు మొత్తానికి అర లీటరు నీళ్ళు, చిన్న స్టీలు గ్లాసుతో కొలిచి. కొబ్బరి తోటలో పుట్టి, పొద్దున్న లేస్తే బోరింగు కింద తల పెట్టి కడుపునిండా తాగిన మనిషి.

గోడ మీద తినకూడనివాటి కాగితం అంటించి ఉంటుంది. దాంట్లో ఒక మాట ఉంది: నిషిద్ధం. ఫిబ్రవరిలో మొదటిసారి చూసినప్పుడే, నచ్చిన మాటలు రాసుకునే నా పుస్తకంలోకి ఎక్కించుకున్నాను. ఎంత అందంగా ఉందో, తలుపు మూసినట్టు ఉందని పక్కన రాసుకున్నాను. ఈరోజు ఆ గోడ వైపు వీపు పెట్టి కూర్చున్నాను.

డిసెంబర్ 19, గురువారం

పుస్తకాల్లో మంచు కురుస్తుంది. మా దగ్గర కురవదు. జీడి తోటల్లో నేలమీంచి లేస్తుంది. మోకాళ్ళదాకా, నడుందాకా, తర్వాత కొబ్బరి మొవ్వుల దాకా. చెట్లు ఎక్కడికీ పోవని తెలుసు. అయినా పొద్దున్నే లేచి ఉన్నాయా అని చూస్తాను.

మావ చెప్పినవి రాసుకున్నాను. ఎనిమిది వందల సీసీ ఇంజిను మనకు చాలదు. వెయ్యి పరవాలేదు. పన్నెండు వందలుంటే మంచిది. టైరు అంచున ఒక గడిలో నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. అరుగుదల లేకపోయినా ఐదేళ్ళు దాటితే రబ్బరు గట్టిపడి తడిరోడ్డు మీద పట్టు వదిలేస్తుంది. ముందద్దానికి లోపలి నుంచి గాలి కొట్టే బ్లోయరు పనిచేయాలి. లేకపోతే చలికాలం నలుగురి ఊపిరికే అద్దం మసకేస్తుంది.

నాన్న మంచం మీద పడుకుని ఇదంతా వింటున్నాడు. "నన్ను మొయ్యడానికి ఇంత ఇంజినెందుకురా కామేశూ. యాభై కిలోలే కదా నాను," అన్నాడు. మావ, "నిన్ను కాదు బావా, మా అక్క కూడా ఎక్కుద్ది కదా," అన్నాడు. అమ్మ పప్పుగిన్నె మూత గట్టిగా వేసింది. నాన్న నవ్వాడు. శనివారం తర్వాత నవ్వడం ఇదే మొదటిసారి.

డిసెంబర్ 20, శుక్రవారం

నిమ్మాడ వెళ్ళాం. తారకేశ్వరరావు గారని రిటైరైన మాస్టారు. ఆయన కారుకి తొమ్మిదేళ్ళు. సీట్ల మీద షోరూంలో వేసిన ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. ఎండలో ఎప్పుడూ పెట్టలేదని, వానలో ఎప్పుడూ తీయలేదని చెప్పాడు. మరి ఎప్పుడు తోలారు మాస్టారూ అని మావ అడిగితే ఆలోచించాడు.

ఎనిమిది వందల సీసీ. మాస్టారినీ, పక్కింటాయన్నీ ఎక్కించుకుని నలుగురం కాలవగట్టు మీదికి పోనిచ్చాం. సగంలో మూలుగు మొదలుపెట్టింది. మావ మొదటి గేరులో వేసినా ముందుకు పోలేదు. పగలు పదకొండయింది, మంచు లేదు, నాన్న బండిలో లేడు. అయినా నేను తలుపు తీసుకుని దిగిపోయాను.

"బండి బంగారమే మేస్టారూ," అన్నాడు మావ. "ఊపిరే నేదు."

మాస్టారు నొచ్చుకున్నాడు. మజ్జిగ ఇచ్చి పంపించాడు.

డిసెంబర్ 22, ఆదివారం

టెక్కలి. ఉమామహేష్ అనే బ్రోకరు. నల్ల కళ్ళజోడు, చేతిలో రెండు ఫోన్లు. ఎర్ర డీజిలు బండి చూపించి, ఒక డాక్టరుగారు ఆసుపత్రికీ ఇంటికీ తప్ప తిప్పలేదన్నాడు. మీటరు ముప్పై రెండు వేలు చూపిస్తోంది. కానీ క్లచ్ పెడలు మీద రబ్బరు నున్నగా అరిగి ఇనుము కనబడుతోంది. సీటు బెల్టు చివరిదాకా లాగాను. మడత లోపల మట్టిగీత, నీళ్ళు నిలిచినంత మేర. తుపానులో మునిగిన బండి.

ఆ గీత చూపించాను. ఉమామహేష్ కళ్ళజోడు తీసి చూశాడు.

"మావా, ఈ పాపని నాకాడ పనికెట్టు," అన్నాడు. "జీతం నువ్వెంతంటే అంత."

తిరుగు బస్సులో మావ అదే తలుచుకుని నవ్వుతూ వచ్చాడు. "నీ కళ్ళకి ఏదీ దాగదే అమ్మీ," అన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

డిసెంబర్ 24, మంగళవారం

ఆసుపత్రిలో డయాలసిస్ మిషను చూసే రాజుకి మేము బండి వెతుకుతున్నట్టు నాన్న చెప్పాడట. మందస దారిలో ఒకరిది అమ్మకానికుంది, ఏడాదిగా ఎవరూ కొనట్లేదు అన్నాడు రాజు. ఎవరిదని అడిగాను. మిషను గొట్టం సరిచేస్తూ చెప్పాడు.

నాన్న కంటే ముందు ఏడో మంచం మీద పడుకున్నాయన. సన్యాసయ్య.

డిసెంబర్ 25, బుధవారం

అమ్మ వద్దంటోంది. మంచం ఆయనదే, బండీ ఆయనదేనా అంటోంది. నాన్న మాత్రం, "బండి సేసిన పాపమేటి," అన్నాడు.

డిసెంబర్ 27, శుక్రవారం

చూశాం.

సన్యాసయ్య గారి భార్య పేరు చిన్నతల్లి. అమ్మకంటే ఐదారేళ్ళు పెద్దదేమో. ఆయన జబ్బు పడ్డాక ఆవిడే డ్రైవింగు నేర్చుకుని, వారానికి మూడుసార్లు ఆవిడే పలాస తీసుకెళ్ళేదట. కొబ్బరాకుల పందిరి కింద, టార్పాలిన్ కప్పి ఉంది బండి. తెల్లది, పన్నెండు వందల సీసీ పెట్రోలు, ఏడేళ్ళది. టైర్లు మూడేళ్ళవి. బెల్టు మీద గీతల్లేవు.

ఇంతవరకు చూసినవాళ్ళంతా బండిని పొగిడారు. ఈవిడ తిట్టింది. మంచిది కాదంది. చలికాలం పనికిరాదంది. ఎందుకు అమ్ముతున్నారమ్మా అని మావ అడిగితే, "కొనమని నాను పిలిసినానేటి? మంచులో ఆగిపోద్ది. ఆ రోజు ఆగిపోబట్టే ఆయన పోయినాడు. ముందే సెప్తన్నాను," అంది. చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఇదే చెప్పిందట. అందుకే ఎవరూ కొనలేదు.

అమ్మకానికి పెట్టింది ఆవిడ మరిదట. ఆవిడ మాత్రం ఆ పందిరి వైపు చూడకుండానే మాట్లాడింది.

బ్యాటరీ చచ్చిపోయింది. మావ ఇంకో బండి తెప్పించి వైర్లు కలిపి స్టార్ట్ చేశాడు. రెండుసార్లు దగ్గి అందుకుంది. ఆవిడ మరిదినీ, ఆ రెండో బండి తెచ్చినాయన్నీ ఎక్కించుకుని నలుగురం వాళ్ళ ఊరి చెరువుగట్టు మీదికి పోనిచ్చాం. మూలుగు లేదు, వెనక్కి జారడం లేదు. మావ మొహం వెలిగింది. నేను ముందు సీట్లో ఉన్నాను. ఆ సీటు అప్పటికే వెనక్కి వాలి ఉంది. నాన్నకి ఎంత వాలాలని నేను అనుకున్నానో, సరిగ్గా అంత.

బ్లోయరు పనిచేస్తోందా అని చూడటానికి అద్దాలన్నీ ఎక్కించి గట్టిగా ఊపిరి వదిలాను. నా పక్క అద్దం మసకేసింది. అందులో ఒక చెయ్యి కనబడింది.

అరచెయ్యి, నాలుగు వేళ్ళు. పక్కన నుదురు ఆనించినట్టు గుండ్రంగా ఒక మచ్చ. మసకపోతే చెయ్యీ పోయింది. మళ్ళీ ఊదాను. మళ్ళీ వచ్చింది.

డిసెంబర్ 28, శనివారం

చేతి జిడ్డు అద్దానికి అంటుకుంటే ఎన్నాళ్ళయినా ఉంటుందట. ఆవిరి పట్టినప్పుడు ఆ చోటు వదిలి చుట్టూ పడుతుందట. మా ఫిజిక్స్ మేడంని ఫోనులో అడిగాను. అంతే. ఇంకేం లేదు.

మంచం పక్కన కూర్చుని రాజుని అడిగాను, సన్యాసయ్య గారికి ఏమైందని. రెండు గంటలు ఆలస్యంగా వచ్చారట. ముందు బరువు చూశారు. మిషను కలిపేలోపే గుండె ఆగిపోయింది. రక్తంలో పొటాషియం బాగా పెరిగిపోయి ఉంది అన్నాడు. మొన్న మీ నాన్నకీ అదే, అదృష్టం బాగుంది అన్నాడు.

శనివారం ఆటో ఆగిపోయింది. ఆలస్యమైంది. అందుకే నాన్నకి అలా అయింది.

డిసెంబర్ 30, సోమవారం

చిన్నతల్లి మరిది బండిని పలాస తీసుకొచ్చి ఇచ్చాడు, చూపించుకోమని. మెకానిక్కు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా విప్పాడు. పెట్రోలు పంపు, ప్లగ్గులు, వైర్లు. నేను పక్కనే నిలబడి ఒక్కొక్కటీ అడిగాను. ఇది మంచులో ఆగుతుందా. ఇది చలికి పట్టేస్తుందా. చివరికి అతను చేతులు తుడుచుకుంటూ, "పాపా, ఈ బండి దానంతటది ఆగిందంటే నాను ఒప్పుకోను. ఆపితే ఆగుద్ది," అన్నాడు.

ముందున్న చిన్న పెట్టెలో పాత ఇన్సూరెన్సు కాగితం, ఒక స్టీలు గ్లాసు, నాలుగు మడతల కాగితం ఉన్నాయి. గ్లాసుకి మేకుతో గీత గీసి ఉంది, మా ఇంట్లో గ్లాసుకున్నట్టే. కాగితం నిండా తేదీలు, ఎదురుగా రెండేసి అంకెలు. ముందు. తర్వాత. ముందు. తర్వాత. మనిషి తనలోని నీళ్ళని రాసుకున్నాడు. ఆయన చేతిరాత చిన్న పిల్లల రాతలా ఉంది, ఒక్కో అంకె ఒక్కో గింజలా.

చివరి తేదీ జనవరి 20. ఆ వరస వేరే చేతిరాత. ముందు: 57.3. దాని ఎదురుగా ఖాళీ.

డిసెంబర్ 31, మంగళవారం

ముందు 54.9. తర్వాత 52.4. నేను కూడా రాయడం మొదలుపెట్టాను.

జనవరి 1, బుధవారం

ఆ కాగితం తిరిగి ఇవ్వాలి కదా. ఒక్కదాన్నే బస్సెక్కి మందస దారిలో దిగాను. ఇంట్లో కాలేజీకి అని చెప్పాను, ఈరోజు సెలవని ఎవరికీ గుర్తు రాలేదు.

చిన్నతల్లి పెద్దమ్మ వాకిట్లో జీడిపిక్కలు ఎండబోస్తోంది. (పెద్దమ్మ అని రాశాను. అక్కడ అలా పిలవలేదు.) కాగితం చేతికిస్తే మడత విప్పలేదు. ఏమిటో తెలిసినట్టే రెండు చేతుల మధ్యా పెట్టుకుంది. చివరి అంకె తనే రాసిందట, ఆయన చెయ్యి వణుకుతుంటే.

బండిలో ఏ లోపమూ లేదట, మెకానిక్కు విప్పి చూశాడు అన్నాను. ఎందుకన్నానో. పిక్కలు చేత్తో చదును చేసింది.

"బండి ఆగనేదమ్మా," అంది. "నానే ఆపినాను."

ఆ రోజు మంచు ఎంతలా ఉందంటే బానెట్టు కొస కూడా కనబడలేదట. లారీలు పక్కనుంచి గాలిలా పోతున్నాయి. భయమేసింది. ఒక తోట పక్కన ఆపేసింది. తెరిపి ఇస్తుందేమోనని గంటా, గంటన్నరా. ఆయన దాహం దాహం అని అద్దానికి చెయ్యి పెట్టి, తల ఆనించి కూర్చున్నాడు. దారికని తెచ్చిన గ్లాసు నీళ్ళు అప్పటికే అయిపోయాయి. డిక్కీలో నర్సులకని పట్టుకెళ్తున్న బొండాలు ఉన్నాయి.

"నీళ్ళు ఇవ్వొద్దన్నారు. బొండం నీళ్ళేటి? జొరమొత్తే బొండమే ఇత్తాం, వాంతులయితే బొండమే ఇత్తాం, పురిటాలికీ బొండమే ఇత్తాం. మన తోటలోదే కదా, మందే కదా అనుకున్నాను. రెండు కొట్టి ఇచ్చినాను. తాగి, 'పానం లేసొచ్చిందే' అన్నాడు. ఆ మాట అన్నాక బండి తీసినాను."

అంకెలు వచ్చు గానీ, ఆసుపత్రిలో గోడ మీది కాగితం ఆవిడకి చదవడం రాదు. ఆరోజు తర్వాత ఎవరో చదివి, బొండం నీళ్ళలో పొటాషియం ఎక్కువని చెప్పారట. అప్పటినుంచి బండి ఆగిపోయిందని చెబుతోంది. మరిదికి, ఊరికి, చూడటానికి వచ్చినవాళ్ళకి. చెప్పి చెప్పి ఒక్కోసారి తనకీ అలాగే గుర్తొస్తుందట.

"నీకెందుకు సెప్పినానో," అంది. "నీ మొకం సూత్తే సెప్పాలనిపించింది."

బస్సు టైమైందన్నాను. కాగితం నా చేతిలోనే పెట్టింది, నాకొద్దంది. బండి తీసుకెళ్ళండి, తిట్టను అంది.

జనవరి 2, గురువారం

కొందామని మావకి చెప్పాను. ఆవిడ ఆగిపోద్దంది కదే అన్నాడు. ఆ బండి ఆగలేదు మావా అన్నాను. ఎలా తెలుసని అడగలేదు. నా మొహం చూసి, "సర్లే," అన్నాడు.

జనవరి 3, శుక్రవారం

శనివారం ఆటో ఆగిపోయింది.

శనివారం ఆటో ఆగిపోయింది. గట్టు ఎక్కుతూ వెనక్కి జారి, ఇంజిను పోయింది. ఆటో అతను ఇంకో బండి కోసం హైవే మీద నడిచి వెళ్ళాడు. నాన్నా, నేనూ ఆటోలో. చుట్టూ ఏమీ లేదు. వెనక సీటు వెనకాల పలాసలో దింపాల్సిన బొండాల గెల, పక్కనే కత్తి.

చిన్నతల్లి గారికి చదవడం రాదు. నాకు వచ్చు.

ఆ కాగితంలో ఆ మాట ఏ వరసలో ఉందో రాయలేదు కదా. మూడో వరస. కొబ్బరి నీళ్ళు నిషిద్ధం. నేను ఆ మాటని ఎత్తి నా పుస్తకంలో పెట్టుకున్నాను, ముందున్న రెండు మాటల్నీ అక్కడే వదిలేసి.

గంటయినా ఆటో అతను రాలేదు. నాన్న పెదవులు తెల్లగా అట్టలు కట్టాయి. "అమ్మీ, ఒక్క గుక్క," అన్నాడు. నేను వద్దనలేదు. నాకు గుర్తు రాకపోవడం కాదు. గుర్తొచ్చింది. గోడ, కాగితం, మూడో వరస అన్నీ కళ్ళ ముందు కనబడ్డాయి. ఒక్క గుక్కే కదా అనుకుని కొట్టాను. ఆయన ఆపలేదు. నేను లాక్కోలేదు. మొత్తం తాగాడు. ఖాళీ బొండం మంచులోకి విసిరేశాను. పడిన చప్పుడు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

మంచం మీద నాన్న కళ్ళు పైకి వెళ్ళిపోయినప్పుడు డాక్టరుగారు నావైపు తిరిగి అడిగారు, దారిలో ఏమైనా తాగాడా అని. లేదండీ అన్నాను. మళ్ళీ అడిగారు. లేదండీ.

ఇంజిను సైజులు వెతికింది ఇందుకే. ఇరవై రోజులుగా తప్పంతా బండి మీదికి తోస్తూ రాసింది ఇందుకే.

జనవరి 6, సోమవారం

బండి మనదైంది. అమ్మ మొక్కుకుంది కాబట్టి రావివలస ఎండల మల్లికార్జునుడి దగ్గర పూజ. నలుగురం వెళ్ళాం. బానెట్టుకి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. మావ టైర్ల కింద నిమ్మకాయలు పెడుతున్నాడు. పూజారి కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు చిన్న గ్లాసులోకి పట్టాడు. తీర్థంలా అందరి చేతుల్లోనూ పోస్తూ వచ్చాడు. అమ్మ తాగి చెయ్యి తలకి రాసుకుంది. తర్వాత నాన్న.

నాన్న చెయ్యి చాపాడు. ఒట్టి అరచెయ్యి. ఆ అద్దం మీది చెయ్యిలాగే ఉంది.

నేను నా చెయ్యి అడ్డం పెట్టాను. నీళ్ళు నా చేతి వెనక పడ్డాయి.

"నాన్నకొద్దు," అన్నాను.

"దేవుడిదే," అంది అమ్మ. "సుక్కకేటవుద్ది?"

"సుక్క కాదమ్మా. బొండం మొత్తం ఇచ్చినాను. ఆ శనివారం ఆటోలో. నానే కొట్టి ఇచ్చినాను." నా నోట్లోంచి ఇంటి మాటే వచ్చింది. "ఆటో వల్ల కాదు."

పూజారి గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మావ నాలుగో నిమ్మకాయ చేతిలో పట్టుకుని వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. అమ్మ నావైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను. మాటలు సేకరిస్తున్నాను కదా, ఇన్ని నెలల నుంచీ. దానికి మాట లేదు.

నాన్న చెయ్యి మూసి, పంచెకి తుడుచుకున్నాడు. "ఎల్దాం పదండి," అన్నాడు.

జనవరి 7, మంగళవారం

డాక్టరుగారికి చెప్పాను. ఆయన తిట్టలేదు. నాన్న ఫైలు తెప్పించుకుని డిసెంబరు 14వ తేదీ పేజీ తీసి, అంచున ఒక వాక్యం రాసుకున్నారు. "అప్పుడే చెబితే తొందరగా మందు వేసేవాళ్ళం కదమ్మా," అన్నారు. అంతే అన్నారు.

అమ్మ మాట్లాడటం లేదు. అన్నం మాత్రం పెట్టింది.

ముందు 55.0. తర్వాత 52.6.

జనవరి 9, గురువారం

తిరిగి వస్తూ మావ టీ తాగడానికి హైవే పక్కన ఆపాడు. బండిలో నాన్నా, నేనూ. డయాలసిస్ అయిన రోజు నాన్న గొంతు సన్నగా ఉంటుంది. సీటు వాల్చుకుని, కళ్ళు మూసుకునే మాట్లాడాడు.

"బొండం పండించేవోడికి బొండం సంగతి తెలవదేటి," అన్నాడు. "గోడ మీద కాయితం రాజు నాకు మొదటిరోజే సదివి ఇనిపించినాడు."

తెలిసే అడిగావా నాన్నా అన్నాను.

పక్కనుంచి రెండు లారీలు వెళ్ళాయి.

"నువ్వు వద్దంటావనుకున్నాను," అన్నాడు.

నేను ముందు సీటు వెనక తలపెట్టి ఏడ్చాను. నాన్న చెయ్యి వెనక్కి పెట్టి నా నెత్తి తడుముతూ ఉన్నాడు. సూది గుచ్చిన చెయ్యి, ఇంకా కట్టు ఉంది.

"మళ్ళీ అడుగుతానమ్మీ. దాహం మాట ఇనదు. అప్పుడు నువ్వు వద్దను," అన్నాడు.

మావ వచ్చి అద్దం మీద కొట్టి, టీ చల్లారిపోతోందని అన్నాడు. ఎవరికి చెప్పాడో తెలీదు. తాగేది ఆయనొక్కడే.

జనవరి 10, శుక్రవారం

అమ్మ ఈరోజు బండి కడిగింది. లోపలి అద్దాలు కూడా సబ్బుతో తుడవబోతుంటే, ఎడమ పక్కది వదిలెయ్యమన్నాను. ఎందుకే అంది. నాలుగు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట. చెప్పాను. చిన్నతల్లి గారి సంగతంతా చెప్పాను. అమ్మ ఆ అద్దం మీద ఊది, చాలాసేపు చూసింది. గుడ్డ మడిచి బకెట్లో వేసేసింది.

రేపు పలాస నుంచి చిన్నతల్లి గారి ఇంటి మీదుగా వద్దామంది. ఎందుకని నేను అడగలేదు.

జనవరి 11, శనివారం

మంచు కొబ్బరి మొవ్వుల దాకా ఉంది. మావ లైట్లు కిందికి దించి, మొదటి గేరులో గట్టు మీదికి పోనిచ్చాడు. బండి ఆగలేదు, మూలగలేదు. గట్టు మీద ఎడమ అద్దం మసకేసి చెయ్యి వచ్చింది. నాన్న దానివైపు చూశాడు, తర్వాత నావైపు.

"అమ్మీ, ఒక్క గుక్క," అన్నాడు.

వద్దన్నాను.

ముందు 54.7. తర్వాత 52.3.